అత్త చెప్పిన బరువు

మంగళవారం పొద్దున కప్పగల్లు నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త పోయింది. గురువారం ఆమె గుండెకు చిన్న యంత్రం అమర్చాల్సి ఉంది. ఇంకా రెండే రోజులు.

హైస్కూలు మూడేళ్లూ నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. అత్త మిరపకోత కూలీలకు మేస్త్రి. ఇరవై మంది ఆడవాళ్లను వెంటేసుకుని తెల్లారేసరికి చేలో ఉండేది. సాయంత్రం ఎన్నిసార్లు కడిగినా చేతుల కారం పోదని, నా తల ముంజేత్తోనే నిమిరేది.

గుండె బలహీనపడి, కాళ్లు వాచి, గోడకానుకుని కూర్చునే నిద్రపోయే స్థితి వచ్చాక డాక్టరు యంత్రం మాట చెప్పారు. మొదటిసారి తీసుకెళ్తే, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని, అది తగ్గేదాకా కుదరదని వెనక్కి పంపారు. అప్పటినుంచి ఆమె పరీక్షకు చదివే పిల్లలా సిద్ధమైంది. ఉప్పు తగ్గించింది. డాక్టరు చెప్పిన కొలతకు నీళ్లు సీసాలో పోసి పెట్టుకునేది. “దాహం గుండెకు కాదప్పా, నోటికి. నోటికి నేను చెప్పుకుంటాలే” అనేది.

ఒంట్లో నీరు చేరితే ముందు బరువులో తెలుస్తుందట. రోజూ తూచుకోమన్నారు, రెండు కిలోలు పెరిగితే వెంటనే తీసుకురమ్మన్నారు. వాకిట్లో మిరప బస్తాలు తూచే కాటా ఉంది. పొద్దున్నే దాని మీద నిలబడి, సిటీ కంటోన్మెంట్‌లో ఉండే నాకు ఫోన్ చేసేది. ఆ అంకె నేను ఆసుపత్రికి పంపేవాణ్ణి.

సోమవారం కూడా చేసింది.

“యాభై రెండేప్పా. నిన్న ఎంతో ఈ పొద్దూ అంతే.”

“ఆయాసపడతాండావు కదత్తా?”

“కాటా దాకా నడిచొస్తి గదప్పా, దానికే. గురువారానికి కారు మాట్లాడు, మర్చిపోవద్దు.”

మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగడం నాకు వినిపించింది. అయినా ఆ అంకే పంపాను.

ఆ సాయంత్రం ఊళ్లో అత్తను మట్టి చేశాక, ఆమె జట్టులో పనిచేసే పొరుగావిడ నన్ను పక్కకు పిలిచింది.

“నాలుగు దినాల నుంచి కాటా యాభై ఆరు చూపిస్తాండెప్పా. నీకు చెప్పొద్దని నాతో ఒట్టు పెట్టించుకునె. చెప్తే మళ్లీ యనక్కి పంపిస్తారని భయం ఆ యమ్మకి.”

అత్త ఆ అంకె దాచింది బతకాలనే. ఆ ఊపిరి విని నేనెందుకు ఊరుకున్నానో మాత్రం ఎంత ఆలోచించినా తేలడం లేదు. బహుశా నాకూ ఆ గురువారమే కావాల్సి ఉండింది.

బుధవారం మధ్యాహ్నం ఆసుపత్రి నర్సు ఫోన్ చేసింది. వాళ్లకు కబురు చెప్పాలని మాకెవరికీ తోచలేదు. “రేపు పొద్దున ఏమీ తినకుండా రమ్మనండి. గాజులు, ముక్కుపుడక ఇంట్లోనే తీసేయాలి” అని, మా జిల్లా ఆసుపత్రుల్లో మాట్లాడే కన్నడంలో చెబుతూ పోయింది. ఆపలేకపోయాను. చివరికి, “ఆమెకు భయంగా ఉందా? ఏం కాదని చెప్పండి” అంది.

“ఆయ్తు మేడం, అలాగే చెబుతాను” అన్నాను.

ఫోన్ పెట్టేసి ఆమె గది గుమ్మం దాకా వెళ్లాను. మంచం పక్కన ప్రయాణానికి సర్దిన సంచి ఉంది. దాని మీద, మడత విప్పని కొత్త తువాలు.