సాంచాలు ఆపిన ఇల్లు

మా తాతగారు మధ్యాహ్నం పడుకుంటే కొట్టంలో ఎద్దుల మెడగంటలకు గుడ్డ చుట్టేవారట. వాకిట్లో వడ్లు దంచే ఆడవాళ్లు రోకళ్లు పక్కన పెట్టి చేటలు అందుకునేవారట. ఇవేవీ నేను చూడలేదు. నేను పుట్టేసరికి ఎద్దులు లేవు, కొట్టం లేదు. మా తాతగారి గడిలో, ఆ దొరల కోటలాంటి ఇంట్లో, ఎవరిదో వడ్ల గోదాం నడుస్తోంది. మాకు మిగిలింది జగిత్యాలలో రెండు గదుల కిరాయి ఇల్లు, మా బాపు ఇస్త్రీ చొక్కాలు, ఆ నిశ్శబ్దం. మా ఇంట్లో గిన్నె చప్పుడైతే ఎవరూ కోప్పడరు. బాపు పేపరు కిందికి దించి చూస్తారు. అంతే.

కోరుట్ల పశువైద్య కళాశాలలో నాకు సీటు వచ్చినప్పుడు బాపు సంతోషించారు. ఆయన సంతోషించడమంటే కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చోవడం.

"పశువుల డాక్టరంటే మంచిదే బిడ్డా. ఎద్దు, బర్రె అంటే లక్ష్మి. మన ఇంటికి తగ్గ సదువే. కుక్కల జోలికి మాత్రం పోకు."

"కుక్కలేం జేసినయి బాపూ?"

"ఏం జెయ్యలే. కుక్క వాకిట్ల ఉంటది. వాకిట్ల ఉండేదానికి డాక్టరెందుకు?"

గడిలో వేటకుక్కలు ఉండేవట. వాటికి మాంసం పెట్టేవారు, గొలుసు వేసేవారు. పేరు పెట్టేవారు కాదు. నేనూ అదే పద్ధతిలో చదువుకున్నాను. అడ్డం తిరిగిన దూడను భుజం దాకా చేయి పెట్టి సరిచేయడం నేర్చుకున్నాను. కుక్కల వార్డు వంతు వస్తే చేయాల్సినంత చేసి చేతులు కడుక్కునేదాన్ని. చదువయ్యాక ముస్తాబాద్ పల్లెల్లో ఒక పాలకేంద్రం తరఫున కొంతకాలం బర్రెలకు వైద్యం చేశాను. ఆ కేంద్రం మూతపడింది. అప్పుడు సిరిసిల్లలో ఒక షటరు గది కిరాయికి తీసుకుని బోర్డు పెట్టాను.

జగిత్యాలలో ఎందుకు పెట్టలేదని చాలామంది అడిగారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మా ఇంటిపేరు చెప్తే ముసలివాళ్లు ఇంకా లేచి నిలబడతారు, వాళ్ల మనవళ్లు నవ్వుతారు. ఆ రెండూ నాకు అక్కర్లేదు. సిరిసిల్లలో నా ఇంటిపేరు ఎవరికీ పట్టలేదు.

బర్రెలు వస్తాయనుకున్నాను. సిరిసిల్ల నేతగాళ్ల ఊరు. ఇళ్ల నిండా మరమగ్గాలు, వాళ్ల మాటలో సాంచాలు. బర్రెను కట్టేసే జాగా ఎవరికుంది? నా దగ్గరికి కుక్కలు వచ్చాయి, పిల్లులు వచ్చాయి, గొంతులో ఎముక ఇరుక్కున్నవి, రెక్క విరిగినవి వచ్చాయి. వచ్చినదానికి వైద్యం చేయనని చెప్పే స్థితిలో నేను లేను. టేబుల్ మీద పెట్టమనేదాన్ని, రోగం చూసేదాన్ని, మందు ఇచ్చేదాన్ని. జంతువులతో ముద్దుమాటలు నాకు రావు. ఇళ్లకు వెళ్లేదాన్ని కాదు. జనమే మా వంశం దగ్గరికి వచ్చారుగానీ మేం ఎవరి గడపకూ పోలేదు. బర్రెల సంగతి వేరు. బర్రె ఆటో ఎక్కదు గనక మనమే పోవాలి.

ఒకరోజు ఒక నేతపని ఆమె ఆటో దిగింది. నలభై దాటిన మనిషి, తలలో అక్కడక్కడ నూలుపోగులు. చేతుల్లో పాత దుప్పటి, అందులో గోధుమరంగు ఊరకుక్క. వెనకే భర్త.

"ఏమైంది?"

"నీళ్లు, నీళ్లు, ఒకటే నీళ్లు తాగుతున్నది డాక్టరమ్మా. తిండి ముడుతలేదు. ఎనుకనుంచి చీము కారుతున్నది. మా పోరికి ఏమైందో సూడుండ్రి."

ఆ కుక్కను వాళ్లు పిలిచేది అలాగే, పోరి అని, అంటే పిల్ల అని.

భర్త గుమ్మంలోనే నిలబడ్డాడు. "నాకు జెరమొస్తె గోలి తెచ్చియ్యదు మేడం. దీనికి ఆటో కట్టుకొని అచ్చింది."

"నువ్వు మూల్గుకుంట గల్లీ అంత చెప్తవు. అది చెప్పుకుంటదా?" అందామె, తల తిప్పకుండానే.

గర్భసంచి చీముతో నిండింది. తీసేయకపోతే లోపలే పగిలి చనిపోతుంది. ఆ మాటే చెప్పాను. ఆమె ఆలోచించలేదు, "తియ్యిండ్రి" అంది. నాతో చదివి, ఇప్పుడు కోరుట్లలోనే పనిచేస్తున్న స్నేహితురాలు మత్తు చూసుకోవడానికి వచ్చింది. వేలంత ఉండాల్సిన గర్భసంచి మణికట్టంత లావైంది. పగలకుండా బయటికి తీశాను. కుట్లు వరసగా, చక్కగా పడ్డాయి. నా చేతిపని మీద నాకు గర్వముంది, దాచుకోను.

తీసుకెళ్లేటప్పుడు ఆమె అడిగింది. "ఇంటికాడ ఎట్ల సూసుకోవాలె?"

"శుభ్రమైన మెత్తటి పక్క వెయ్యండి. కుట్లు నాకకుండ చూడండి. పూర్తిగ విశ్రాంతి కావాలె. చప్పుడు ఉండద్దు."

"చప్పుడా?"

"అసలే ఉండద్దు."

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయన ఏదో అనబోయి ఆగాడు. నేను చెప్పే తీరు అలాంటిది, మళ్లీ అడగబుద్ధి కాదు. మా ఇంట్లో జబ్బుపడినవాళ్లకు మొదట ఇచ్చే మందు నిశ్శబ్దమే. నాకు జ్వరం వస్తే అమ్మ గడియారం కూడా అవతలి గదిలో పెట్టేది.

మర్నాడు ఫోన్ వచ్చింది, తినలేదని. మత్తు దిగడానికి కొంత సమయం పడుతుందని చెప్పాను. ఆ తర్వాతి రోజు తీసుకొచ్చారు. జ్వరం లేదు. కుట్లు పొడిగా ఉన్నాయి. రక్తపరీక్ష బాగుంది. కుక్క మాత్రం వణుకుతోంది, కళ్లు ఎటో వెతుకుతున్నాయి. సెలైన్ ఎక్కించాను. నోట్లోకి సిరంజితో పాలు పోస్తే పక్కకు కార్చేసింది. కోరుట్లకు ఫోన్ చేశాను.

"కుట్లు బాగున్నయంటున్నవ్, రక్తం బాగున్నదంటున్నవ్. ఇంకేం కావాలె దానికి?" అంది నా స్నేహితురాలు.

నాకూ అదే తెలియాలి. అంత పెద్ద ఆపరేషన్ తర్వాత తిండి ముట్టకపోతే సెలైన్‌తో ఎన్నాళ్లు నెట్టుకొస్తాం?

మళ్లీ రమ్మన్న రోజు వాళ్లు రాలేదు. నేనే ఫోన్ చేశాను.

"ఇగ తేలేను డాక్టరమ్మా," అందామె. "మెత్తటి పక్క ఇడిసిపెట్టి మూలకు పోయి పండుకున్నది. పానం పోయే జీవే మూలకు పోతది. ఇంక సూదులతోని గోస పెట్టద్దు దాన్ని. ఇంట్లనే పోనీ."

ఫోన్ పెట్టేశాను. నాకు ముందు వచ్చింది జాలి కాదు, రోషం. చక్కగా చేసిన ఆపరేషన్, చక్కగా మానుతున్న కుట్టు, అయినా కుక్క చనిపోతుందా? కారణం నాకు తెలియకుండానా? ఆ రోషంతోనే షటరు దించి స్కూటీ తీశాను.

వాళ్ల వాడకట్టులోకి తిరగగానే చెవులు నిండిపోయాయి. ప్రతి ఇంటి రేకుల షెడ్డులోంచి టకటకమని సాంచాలు. నా హారన్ నాకే వినిపించలేదు. ఆ వరసలో ఒక్క ఇల్లే మూగగా ఉంది. గుమ్మం ముందు దారినపోయే ఇద్దరు ఆడవాళ్లు నిలబడి లోపలికి తొంగిచూస్తున్నారు. నన్ను చూసి ఒకామె అడిగింది, "ఎవలు పోయిండ్రమ్మా ఈళ్లింట్ల?"

"ఎవరూ పోలేదు," అని లోపలికి వెళ్లాను.

సాంచాలు ఆగిపోయి ఉన్నాయి. వాటి మీద సగం నేసిన తెల్లగుడ్డ దుమ్ము పట్టింది. భర్త మోకాళ్లు పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేచాడు. నా చెవి దగ్గరికి వచ్చి గుసగుసగా మాట్లాడాడు.

"మీరు చెప్పిన్నాటి నుంచి ఒక్క సాంచ తిప్పలేదు మేడం. నూలిచ్చే సేటు మనిషి అచ్చి లొల్లి పెట్టి పోయిండు. వాడకట్టోల్లు నవ్వుతుండ్రు, కుక్క బాలింతకు సెలవిచ్చిండ్రని. అయినా ఇనలేదు ఈమె."

"డాక్టరమ్మ చెప్పినంక ఆగద్దా?" అందామె. ఆమె కూడా గుసగుసే.

వీధి వైపు గోడ దగ్గర ఉతికిన చీర మడతలతో పక్క వేశారు. మా ఇంట్లో కూడా అంత శుభ్రమైన పక్క ఉండదు. కుక్క దాని మీద లేదు. ఎదురు మూలలో, సాంచా కాళ్లకూ గోడకూ మధ్య ఇరుకులో, ఒళ్లంతా గోడకు అదిమిపెట్టి పడుకుంది. దవడ కూడా గోడకే ఆనించింది.

అది ఉన్నచోటు నుంచి రాదు. నేనే కింద కూర్చోవాల్సి వచ్చింది. నేల మీద నూలు దుమ్ము. మోకాళ్ల మీద జరుగుతూ సాంచా కిందికి దూరాను. గుండె చూశాను, నాలుక చూశాను, కుట్లు చూశాను. చావుకు దగ్గరపడిన జీవి గుండె కాదది. వెనక్కు రావడానికి ఆసరాగా గోడకు చేయి ఆనించాను.

గోడ అదురుతోంది.

చేయి తీసి మళ్లీ పెట్టాను. సన్నటి అదురు, అరచేతిలోకి పాకుతోంది. గోడకు అవతల పక్కింటివాళ్ల సాంచాలు నడుస్తున్నాయి. లేచి వెళ్లి వీధి వైపు గోడ పట్టుకుని చూశాను. అందులో ఏమీ లేదు, చల్లటి ఇటుక.

"ఇది ఎక్కడ పుట్టింది?" అని అడిగాను.

"గా సాంచ కిందనే. దాని తల్లి పనికిరాని దారం కుప్పల ఈనింది."

"సాంచాలు మామూలుగ ఎప్పుడు ఆగుతయి?"

"ఎప్పుడాగుతయి?" అన్నాడు భర్త. "కరెంటు పోతె ఆగుతయి. ఎవలన్న సస్తె ఆగుతయి."

ఈ కుక్కకు బతుకంటే ఈ చప్పుడే. కోత పడిన పొట్టతో ఇంటికి వచ్చేసరికి ఇల్లు చచ్చినట్టు పడి ఉంది. మనుషులు గుసగుసలాడుతున్నారు. అది చావడానికి మూలకు పోలేదు, చప్పుడు ఉన్న చోటు వెతుక్కుని పోయింది.

"సాంచాలు నడుపుండ్రి," అన్నాను.

భర్త కదల్లేదు. "మీరే గద మేడం చప్పుడు ఉండద్దన్నది?"

"అన్న. ఇప్పుడు నడుపుమంటున్న."

"మల్ల రేపు ఆపుమంటరా?"

"ఎన్నడు ఆపుమనను. నడుపన్నా!"

ఆయన ఒక సాంచా మీట లాగాడు. నేల కిందినుంచి దెబ్బ తగిలినట్టు కదిలింది. కుక్క తల ఎత్తింది. చెవులు నిలబడ్డాయి. ఆయన రెండోది కూడా నడిపాడు. ఇక మాటలు లేవు, గాలి అంతా టకటకే. కుక్క గోడను వదిలింది. మెల్లగా పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి, కుట్లున్న పొట్ట బయటపెట్టి పడుకుంది. పెద్ద ఊపిరి ఒకటి వదిలింది. కళ్లు మూసుకుంది. వణుకు ఆగింది.

వెంటనే లేచి తినలేదు. నేను అక్కడే కూర్చున్నాను. ఆమె రాట్నం ముందు చేరి కండెలకు నూలు చుట్టడం మొదలుపెట్టింది, మధ్యమధ్యలో కుక్క వైపు చూస్తూ. నా చీరకుచ్చిళ్ల నిండా నూలు. ఆ చప్పుడులో ఊరికే కూర్చోవడం మొదట కష్టమైంది. తర్వాత తర్వాత అందులో ఒక వరస వినపడసాగింది.

కుక్క నిద్రలేచి ఒళ్లు జాగ్రత్తగా సాగదీసింది. గిన్నె దగ్గరికి నడిచింది. కోడిగుడ్డు కలిపిన బువ్వను వాసన చూసి, ఆగి, తినడం మొదలుపెట్టింది. గిన్నె అడుగు నాకి, ఇంకేది అన్నట్టు ఆమెను చూసింది. ఆమె చేతిలోని కండె జారిపోయింది. లేచి వెళ్లి పక్కింటి గోడను పిడికిలితో గుద్ది అరిచింది, "తిన్నదే! పోరి తిన్నదే!" అవతలినుంచి ఎవరో తిరిగి గుద్దారు.

"గీ లొల్లి కావాల్నా నీకు? గిది లేక సస్తున్నవా?" అని కుక్కను తిడుతూ మళ్లీ బువ్వ పెట్టింది. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

ఆ ఆదివారం జగిత్యాల వెళ్లినప్పుడు బాపుకు చెప్పాను. ఆయన పేపరు దించలేదు. దాని వెనకనుంచే అడిగారు.

"ఏం దిన్నది?"

"కోడిగుడ్డు బువ్వ."

"ఇంటి లోపటనే పండుకుంటదా?"

"లోపటనే బాపూ."

"ఊఁ," అన్నారు. అందులో ఒప్పుకోలు ఎంతో, కాదనడం ఎంతో ఇప్పటికీ తేల్చుకోలేను.

నేను మాత్రం పని చేసే తీరు మార్చాను. జబ్బు జంతువు వస్తే, అది ఎక్కడ పడుకుంటుంది, అక్కడ ఏం వినిపిస్తుంది, ఎవరి కాళ్ల దగ్గర తింటుంది అని అడుగుతాను. తేలకపోతే ఇంటికి వెళ్లి చూస్తాను. కోరుట్లలో నా స్నేహితురాలి దగ్గరికి వచ్చిన ఒక ముసలి పిల్లి మందు వేసిన పాలు తాగడం లేదంటే వెళ్లాను. అది రోజూ తాగేది ఇడ్లీ బండి చక్రం పక్కన, ఇత్తడి మూతలో. గిన్నె మార్చారు, చోటు మార్చారు, ఇక తాగుతుందా? దీన్ని కరుణ అనమంటే నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. పెద్ద మాట. గడప దాటి చూసి రావడం అంటే చాలు. అయితే ఆ చూడ్డంలో నా చేతులు మెత్తబడ్డాయని నా స్నేహితురాలు అంటుంది.

కుట్లు విప్పే రోజున కుక్కను షటరుకు తీసుకురమ్మనలేదు. నేనే వెళ్లాను. రెండు సాంచాలూ నడుస్తున్నాయి. కుక్క సాంచా పక్కనే పడుకుంది, ఆమె దాని తల పట్టుకుంది. ఒక్కో కుట్టూ కత్తిరించి తీస్తున్నాను. ఆ చప్పుడులో నేతవాళ్లు నోటితో మాట్లాడుకోరు, చేతులతో, కళ్లతో చెప్పుకుంటారు. ఆమె నా భుజం తట్టి, వేళ్లు ముడిచి, కనుబొమలు ఎగరేసింది. నొస్తున్నదా అని అడుగుతోందని తెలిసింది. నేను కత్తెర ఆపి, కుక్క ముఖం కేసి చూసి, లేదని చేయి ఊపాను. అది నిద్రపోతోంది.