క్లచ్ మీద కాలెవరిది?

మా కారును వారమంతా నేను చేవెళ్లలో పాఠాలు చెప్పే బడికి తీసుకెళ్తాను. సాయంత్రాలూ ఆదివారాలూ అది మా ఆయనది. చిన్న మంగళారంలోని మా పూలతోటకు అందులోనే వెళ్తాడు. నేను డ్రైవింగ్ నేర్చుకుని అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఒకరోజు బడి నుంచి మొయినాబాద్‌లోని ఇంటికి వస్తుంటే, యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను అరుస్తోంది తప్ప బండి ముందుకు పోదు. పైగా గోనెసంచి కాలిన వాసన.

మెకానిక్ విప్పి చూశాడు. "క్లచ్ ప్లేటు మొత్తం అరిగిపోయింది అక్కా. మంచిగ వాడితే ఇంకా శానా రోజులు వస్తుండె. ఎవరో పెడల్ మీద కాలు తియ్యకుండనే నడుపుతున్నరు."

పక్కనే ఉన్న మా ఆయన చూపు నా కాళ్ల మీదికి దిగింది.

సాయంత్రానికి ఆ కబురు ఫోనులో మా మరిదికి, గేటు దగ్గర పాలాయనకు కూడా చేరిపోయింది. "కొత్త డ్రైవింగ్ గదా, గట్లనే అయితది" అని మా ఆయన అందరికీ ఓపిగ్గా చెబుతున్నాడు.

"గేరు మార్చంగనే నేను కాలు తీసి పక్కకు పెడ్త" అన్నాను.

"తీస్తున్న అనుకుంటవు. తెల్వకుండనే పెడ్తవు" అని నవ్వాడు.

నా కాలి తరఫున నేనెలా సాక్ష్యం చెప్పుకోను?

మా అత్తమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ అంతా వింటోంది. ఒకప్పుడు ఊరికి సర్పంచ్‌గా చేసిన మనిషి. ఇప్పటికీ తగువులొస్తే జనం ఆమె దగ్గరికే వస్తారు.

"ఊరోళ్ల పంచాయితీలన్ని తెంపిన, ఇంట్ల పంచాయితి తెంపలేనా? బండి బాగై రానియ్యుండ్రి. ఇద్దరు నడపుండ్రి. నేను ముంగట సీట్ల కూసుంట."

"క్లచ్ అంటే ఏందో నీకు తెల్వదు గదనే అవ్వా!" అన్నాడు కొడుకు.

"కాలంటే ఏందో తెల్సు గద బిడ్డా."

ఆదివారం బయలుదేరాం. చేవెళ్ల దాకా నేను నడిపాను. దారి పొడుగునా అత్తమ్మ ఒక్కసారి కూడా రోడ్డు చూడలేదు. మెడ వంచి నా పాదాలనే చూస్తూ కూర్చుంది. బడిలో ఇన్స్పెక్షన్ నాడు కూడా నేనంత భయపడలేదు. చేవెళ్లలో చాయ్ తాగుతూ ఆమెకు చెప్పాను. పెడల్ తొక్కితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగుతుంది, ఊరికే కాలు ఆనించి ఉంచితే సగం తెగీ తెగకుండా ప్లేటు రాపిడి పడుతుంది, అని.

"గింజలు పొయ్యకుండ ఇసుర్రాయి తిప్పినట్టన్నమాట" అంది వెంటనే.

తిరుగు ప్రయాణంలో మా ఆయన నడిపాడు. మొదట కొత్త పెళ్లికొడుకులా ఒద్దికగా కూర్చున్నాడు. అత్తమ్మ కొంత దూరం పోనిచ్చి, ఈసారి సర్పంచ్‌గా ఎవరు నిలబడితే బాగుంటుందని మెల్లగా కదిపింది. ఇక ఆయనకు ఒళ్లు తెలియలేదు. ఎవరికి ఏ వాడలో ఎన్ని ఓట్లో లెక్కలు చెబుతుంటే ఎడమ చేయి గేరు మీదికి, ఎడమ కాలు క్లచ్ మీదికి వాటంతటవే వెళ్లి కూర్చున్నాయి. అత్తమ్మ ఊ కొడుతూనే ఉంది. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి నెమ్మదించగానే అతని మోకాలు వేలితో పొడిచింది.

"బిడ్డా, గీ కాలు గీడెందుకున్నది?"

ఉలిక్కిపడి కాలు లాగేశాడు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోయింది. వెనకాల చామంతి మూటల ఆటో హారన్ మోత.

ముందు ఆయనే పగలబడి నవ్వాడు. "నాకే తెల్వదే అవ్వా!"

"తెల్వకుండనే పెడ్తవు" అన్నాను వెనక సీట్లోంచి.

అత్తమ్మ తీర్పు చిన్నదే. ఎవరెవరికి నా పేరు చెప్పాడో వాళ్లందరికీ ఇప్పుడు తన పేరు చెప్పుకోవాలి. చెప్పుకున్నాడు. మరిది ఫోనులో నవ్విన నవ్వు వాకిట్లోకి వినబడింది.

మర్నాడు పొద్దున్నే అత్తమ్మ తాళంచెవి పట్టుకుని నా ముందు నిలబడింది. "గింత చూసినంక నేర్వకుంటే ఎట్ల? నువ్వే నేర్పు."

చిన్న మంగళారంలో ఇళ్లు కట్టని ప్లాట్ల మధ్య ఖాళీ రోడ్లున్నాయి. సెలవు రోజుల్లో అక్కడే మా పాఠాలు. ఆమె క్లచ్ టక్కున వదిలేసేది, కారు లేగదూడలా గెంతి ఆగిపోయేది. చివరికి, "నిద్రపోయే పసిపిల్ల తల కింద నుంచి చెయ్యి తీసినట్టు తియ్యి అత్తమ్మా" అన్నాను. ఐదుగురిని పెంచిన మనిషి. ఆ మాట కాలికి అర్థమైంది. బండి కుదుపు లేకుండా కదిలింది.

కొన్ని నెలల తర్వాత, లైసెన్స్ చేతికొచ్చాక, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మొదటిసారి పెద్ద రోడ్డెక్కింది. మొయినాబాద్ చౌరస్తా నడిమధ్యలో ఇంజను ఆగిపోయింది. నాలుగు వైపులా హారన్లు. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, "కొత్తగ నేర్సుకున్న, జర ఆగుండ్రి!" అని కేకేసింది.

బైకు మీదున్న ఒకాయన గుర్తుపట్టాడు. "సర్పంచమ్మా, ఫికర్ చెయ్యకు, నిమ్మలంగ పో" అని దిగి, అటు నుంచి వచ్చే బండ్లను ఆపాడు.

అత్తమ్మ స్టార్ట్ చేసింది. తొందరపడకుండా కాలు తీసింది. చౌరస్తా దాటాక, అద్దంలో చూసి కొంగు సర్దుకుని, "మూడో గేరు ఎయ్యనా?" అని అడిగింది.

"ఎయ్యి" అన్నాను.