సంకల్పం దగ్గర ఆగిన మాట

1998లో నేను రాజమండ్రిలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. పక్షవాతం వచ్చినవారి చేతులకూ కాళ్లకూ తిరిగి కదలిక నేర్పడం నా పని. మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు అప్పట్లో మా దగ్గర లేరు కాబట్టి ఆ పనీ కొంత నా మీదే పడేది. సెలవు దొరికితే గ్రంథాలయంలో కూర్చుని, నిఘంటువు పక్కన పెట్టుకుని, మెదడు గురించి దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. డిప్లొమాలో చెప్పనివి చాలా అక్కడే నేర్చుకున్నానని ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను.

ఆ ఏడాది మాఘమాసంలో, రామచంద్రపురం దగ్గరి పల్లె నుంచి సోమయాజులు గారనే పురోహితుణ్ణి కారులో తీసుకొచ్చారు. పెళ్లి చేయిస్తూ పీటల దగ్గరే ఒరిగిపోయారట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట లేదు. ఆయనతో పాటే పౌరోహిత్యం చేసే బావమరిది శాస్త్రి గారు తులసి తీర్థం నోట్లో పోయబోతే నర్సు చెయ్యి పట్టుకుని ఆపింది. మింగే శక్తి తగ్గినప్పుడు అలా పోసినది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది.

డాక్టరు గారు ముందు తలకు స్కాన్ తీయించారు. రక్తనాళం చిట్లితే ఒక వైద్యం, రక్తపు గడ్డ అడ్డుపడితే మరొకటి. ఇది గడ్డే. దాన్ని కరిగించే ఇంజెక్షను అప్పటికింకా మా వరకూ రాలేదు. ఆస్పిరిన్ ఇవ్వడం, ముక్కు గొట్టంతో ఆహారం పంపడం, ఒళ్లు పుండ్లు పడకుండా పక్కకు తిప్పుతూ ఉండటం, ఇంతే మేం చేయగలిగింది. ప్రాణం నిలిచింది.

మింగడం కుదుటపడి గొట్టం తీసేశాక, ఆయన భార్య కామేశ్వరి గారిని ఇంటి నుంచి పంచపాత్ర, ఉద్ధరిణి తెప్పించమన్నాను. రబ్బరు బంతి నొక్కమంటే విసుక్కునే మనిషి, ఆచమనానికి కుడి అరచేతిని దొప్పలా మడవడానికి మాత్రం ఎంత నొప్పినైనా ఓర్చుకున్నారు. ఒక ఉదయం ఎడమ చేత్తో ఉద్ధరిణి ఎత్తి నీళ్లు పోసుకుంటుండగా ఆయన నోటి నుంచి “కేశవాయ స్వాహా” అని వచ్చింది. ఆ వెనకే నారాయణాయ, మాధవాయ, అలా కేశవ నామాలన్నీ తడబాటు లేకుండా వచ్చేశాయి.

శాస్త్రి గారు వార్డంతా వినబడేలా, “బావా! ఇన్నేళ్లుగా మా అక్కయ్య మూయించలేని నోరు, ఈ రోగం మూయిస్తుందా!” అన్నారు. అందరూ నవ్వారు. సోమయాజులు గారు కూడా సగం ముఖంతో నవ్వారు.

నేను మంచినీళ్ల గ్లాసు చూపించి, “ఇదేంటండి?” అని అడిగాను. పెదవులు చాలాసేపు కదిలాయి. చివరికి “కేశవాయ” అన్నారు.

పుస్తకంలో చదివిందే కళ్లముందు కనబడింది. చిన్నప్పటి నుంచి వల్లించినది మెదడులో ఒక దారిన నడుస్తుంది, అప్పటికప్పుడు కూర్చుకునే మాట మరో దారిన. డాక్టరు గారూ అదే చెప్పారు. ఇంటివాళ్లకు నేను కాలువతో పోల్చి చెప్పాను: తవ్వి ఉన్న కాలువలో నీరు దానంతటదే పారుతుంది, కొత్త చేలోకి పెట్టాలంటే బోదె తవ్వాలి, ఈయనకు ఆ తవ్వే శక్తికే దెబ్బ తగిలింది.

“పురోహితుడికి మంత్రం వస్తే చాలదుటండీ?” అన్నారు శాస్త్రి గారు. ఆయన బెంగ నాకు తెలుసు. పౌరోహిత్యం తప్ప ఆ ఇంటికి మరో ఆధారం లేదు. సోమయాజులు గారికి ఆ వృత్తి దక్కుతుందా లేదా అన్నదే అందరి మనసుల్లోనూ ఉంది.

కామేశ్వరి గారు మాత్రం వరండాలోకి వచ్చాక నాతో మెల్లగా, “దేవుడితో మాట్లాడుతున్నారండి. నాతోనే మాట్లాడరు” అన్నారు.

వైశాఖంలో ధవళేశ్వరంలో ఒక గృహప్రవేశం. ఎప్పటి నుంచో ఆయన చేతే కార్యాలు చేయించుకునే యజమానులు, ఇదీ ఆయనే చేయించాలని పట్టుబట్టారు. కొన్నాళ్లు ఆగమన్నారు డాక్టరు గారు. సోమయాజులు గారు తల అడ్డంగా ఊపి, ఎడమ చేత్తో తన గుండె తట్టి చూపించారు. కామేశ్వరి గారు రమ్మంటే నేనూ వెళ్లాను.

సంకల్పం మొదలైంది. దేశకాలాలు చెప్పుకుని, ఎవరి కోసం చేస్తున్నామో చెప్పే మంత్రం అది. అందులో కొన్ని చోట్లు ఖాళీగా ఉంటాయి. సంవత్సరం, మాసం, తిథి, యజమాని గోత్రం, పేరు, ఇవన్నీ ఆ పూటకు తగ్గట్టు పురోహితుడే నింపుకోవాలి. “అస్మిన్ వర్తమాన వ్యావహారిక చాంద్రమానేన” దాకా ఆయన గొంతు గంటలా సాగింది. “ఈశ్వర నామ సంవత్సరే” అన్నారు.

ఉగాది వెళ్లి నెల దాటింది. నడుస్తున్నది బహుధాన్య. ఈశ్వర ఆయన పడిపోయిన సంవత్సరం.

“బహుధాన్య బావా” అని శాస్త్రి గారు చిన్నగా అందించారు. తెలుసన్నట్టు తల ఊపి, మొదటి నుంచీ అందుకున్నారు. మళ్లీ ఈశ్వర అనే వచ్చింది. తప్పని ఆయన ముఖంలోనే తెలుస్తోంది. మూడోసారి ఆ మాట ముందు ఆగిపోయారు. వేలికున్న దర్భ పవిత్రాన్ని ఎడమ చేత్తో మెల్లగా తీసి శాస్త్రి గారి అరచేతిలో పెట్టారు. శాస్త్రి గారు పీట మీద కూర్చుని “బహుధాన్య నామ సంవత్సరే” అన్నారు. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న సోమయాజులు గారు సరేనన్నట్టు తల ఊపారు.

ఆ తరవాత ఆయన మరెక్కడా చేయించలేదు. చెయ్యి కొంత మెరుగైంది. “నీళ్లు”, “వద్దు” వచ్చాయి. నాకు తెలిసినంతలో భార్యను పేరు పెట్టి పిలవలేదు.

మాట తిరిగి వచ్చిందా అని చూడటానికి, వల్లించిన దాన్ని అడిగి లాభం లేదని ఆ గృహప్రవేశంలో నేర్చుకున్నాను. రిటైరయ్యే దాకా, రోగి అంకెలు చదివినా, శ్లోకం చెప్పినా విని ఊరుకునేవాణ్ణి. ఈ పూట ఏం కూర తిన్నారని అడిగి, దానికి వచ్చే జవాబునే లెక్కలోకి తీసుకునేవాణ్ణి.