నాయన చెక్కిన పేరు

మా నాయనది ఆళ్లగడ్డలో శిల్పాల పని. పొద్దంతా వినాయకుడి తొండం చెక్కి, సాయంత్రం ఇంటికొచ్చి యేసయ్యకు ప్రార్థన చేసేవాడు. చర్చిలో ఎవరైనా ఎగతాళి చేస్తే, "కూడు పెట్టేది రాయి గదప్పా" అని నవ్వేసేవాడు.

మా అక్కకు ఎవరో మందు పెట్టి అడవిలోకి తీసుకుపోయినట్టు మాట్లాడతారు మా వీధిలోవాళ్ళు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. అక్క ఒక్కరోజులో పోలేదు. ఇంటర్ సెలవుల్లో మేమిద్దరం పత్తిచేలల్లో క్రాసింగ్ పనికి పోయేవాళ్ళం. మొగ్గలు గిల్లి, పువ్వుకు పువ్వు రుద్దే పని అది. ఒకనాడు పక్క సాలులోని పిల్ల పురుగుమందు ఘాటుకు కళ్ళు తిరిగి పడిపోయింది. ఆసామి ముఖాన నీళ్ళు చల్లించి, మళ్ళీ పనిలోకి పొమ్మన్నాడు. అక్క ఒప్పుకోలేదు. ఆ పిల్లను ఆటోలో నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడ పోట్లాడి మంచం ఇప్పించింది కొందరు కాలేజీ పిల్లలు.

డిగ్రీకి నంద్యాల హాస్టల్లో చేరాక అక్క వాళ్ళతోనే తిరిగింది. చర్చిలో అందరికంటే మంచి గొంతు తనది. వాళ్ళ సభల్లోనూ పాడింది. ఇంటికొస్తే ఆ పాటలే. బాణీలు మా కీర్తనల్లాగే ఉండేసరికి అమ్మ కూడా సంతోషంగా తాళం వేసేది! మొదట్లో అక్క ప్రతి శనివారం వచ్చేది. తర్వాత నెలకోసారి, ఆ తర్వాత క్రిస్మస్‌కే. ఒక క్రిస్మస్‌కు రాలేదు. స్నేహితురాలొకతె వచ్చి, "అడవికి పోయిందమ్మా. ఎదురు చూడొద్దని చెప్పమనింది" అని చెప్పి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయింది.

కొన్నేళ్ళ తర్వాత, నేను క్యారేజీ తీసుకుపోయిన మధ్యాహ్నం, అడవిని ఆనుకున్న సున్నిపెంట వైపు నుంచి ఇద్దరు మగవాళ్ళు నాయన దగ్గరికి వచ్చారు. అడవిలో కాల్పుల్లో ఒకమ్మాయి చనిపోయిందట. గుర్తుగా నిలబెట్టడానికి ఆమె పేరు చెక్కిన రాయి కావాలన్నారు.

"ఏం పేరు?" అన్నాడు నాయన.

చెప్పారు. మేమెప్పుడూ వినని పేరు.

"అసలు పేరేందప్పా?"

"తెలీదు పెద్దాయనా. ఆడికి పోయినాక అందరూ పేర్లు మార్చుకుంటారు."

"యాడ పిల్ల?"

"ఈ పక్కదే అంటాండారు. బాగా పాడేదంట."

నాయన ఇంకేమీ అడగకుండా ఉలి అందుకున్నాడు. ఎత్తెంత, రంగేంటి అని అడగమని నా ప్రాణం కొట్టుకుంది. ఏం చెబుతారోనన్న భయంతో నేనూ క్యారేజీ గిన్నెలు సర్దుకున్నాను. దేవుళ్ళ ముఖాలే చకచకా చెక్కే మనిషి, ఆ ఒక్క పేరుతో పొద్దుగూకేదాకా కూర్చున్నాడు.

మా చర్చిలో చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయరు. బతికున్నవాళ్ళ కోసమే చేస్తారు. ఆ సాయంత్రం అమ్మ మోకాళ్ళూని, ఇంట్లో అందరి పేర్లూ చెబుతూ అక్క పేరు దాకా వచ్చింది.

"ఆ పేరు ఇడ్సిపెట్టు" అన్నాడు నాయన.

అప్పటికే జరిగిందంతా విన్న అమ్మ కళ్ళు తెరిచింది. "నువ్వు సూసినావా?"

నాయన తల అడ్డంగా ఊపాడు.

"అట్లయితే నోరు మూసుకో."

మళ్ళీ కళ్ళు మూసుకుని, పక్కింటికి వినపడేలా అక్క పేరు చెప్పింది.

ఈమధ్య టీవీలో అడవి నుంచి వచ్చి పోలీసులకు లొంగిపోయినవాళ్ళను వరుసగా నిలబెట్టి చూపిస్తున్నారు. అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని ఒక్కొక్క ముఖమే వెతుకుతుంది. రోజూ ప్రార్థనలో అక్క పేరు చెబుతూనే ఉంది. ముగిశాక నాయన ఆమెన్ అనడు. ఆయన వంతు కూడా నేనే అంటాను.