పిడికెడు బియ్యంలో తాళంచెవి

అన్నం వండే ప్రతిపూటా అమ్మ, ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పొయ్యి పక్కనున్న మట్టికుండలో వేసేది. అది దేవుని బియ్యం. నెలకొక ఆదివారం సంఘంలోని ఆడవాళ్లందరి బియ్యం చర్చిలో ఒక్కచోట కుప్పపోసి, కొలిచి, వేలం వేసేవాళ్లు. ఆ కుండలో అమ్మ తప్ప ఎవరూ చెయ్యి పెట్టేవాళ్లు కాదు, నాయన కూడా. అందుకే అమ్మ మోటారు సైకిల్ తాళంచెవిని అందులో దాచింది.

నాయన వరంగల్‌లో పాస్టరు. చుట్టుపక్కల పల్లెల సంఘాలు కూడా ఆయనే చూసుకునేవాడు. అరవైల మొదట్లో ఆ పల్లెలు తిరగడానికి ఒక పాత మోటారు సైకిల్ దొరికింది. అది వచ్చిన మరుసటి ఏడాదే ఆయనకు మూర్ఛ మొదలైంది. ఒకసారి కేసముద్రం దారిలో బండి మీదనే కళ్లు తేలేసి పొలంలో పడ్డాడు. దవాఖానలో డాక్టరు ఇక బండి ముట్టవద్దన్నాడు. నాయన బండి ఎక్కే ముందు చేసే ప్రార్థనను ఇంకొంచెం పొడుగు చేశాడు, అంతే.

ఆ వానాకాలంలో ఒక గురువారం నెక్కొండ అవతలి పల్లె నుంచి ఒక రైతు వచ్చాడు. అతని తల్లి ఏళ్ల తరబడి నాయన జరిపే ప్రార్థనలకు వచ్చి వెనక కూర్చునేది. బాప్తిస్మం తీసుకుంటానంటే కొడుకులు ఒప్పుకోలేదు. ఇప్పుడు మంచం పట్టింది.

"ఇన్నొద్దులు నేనే అడ్డం పడ్డ అయ్యగారూ. ఇగ ఆమె నోట్లె అదొక్క మాటనే ఉన్నది. జర జల్ది రావాలె. ఉంటదో పోతదో."

ఆ సాయంత్రం చర్చిలో నాయన ఒక పెండ్లి జరిపించాల్సి ఉంది. "రేపు పొద్దుగాల్నే బయలెల్లుత. అవ్వకు చెప్పు," అన్నాడు.

శుక్రవారం తెల్లవారేసరికి మేకుకు తాళంచెవి లేదు. అమ్మ అనుకున్నది సులువైన సంగతి. అది దొరకకపోతే నాయన పాసింజరు రైలెక్కి, నెక్కొండలో దిగి, ఎడ్లబండి కట్టించుకుని పోతాడు. రైల్లో మూర్ఛ వస్తే పట్టుకునేవాళ్లుంటారు.

"రైలుకు పోండ్రి. ఇంక టైమున్నది," అంది.

"దొరుకుతది. ఎటు పోతది?"

నేను అప్పుడే టీచర్ ట్రైనింగు ముగించి ఇంట్లో ఉన్నాను. ఏమీ తెలియదు కనుక నిజంగానే వెతికాను. అమ్మ కూడా దీపం పట్టుకుని మంచం కింద చూసింది. ఇంతలో ఉపవాస ప్రార్థనకు సంఘస్థులు వచ్చారు. సంగతి విని అందరూ మోకాళ్లూనారు. పోయిన తాళంచెవిని దేవుడే చూపించాలని సంఘపెద్ద కన్నీళ్లతో ప్రార్థించాడు. అమ్మ వాళ్ల మధ్యలో కొంగు కప్పుకుని మోకరించి ఉంది.

ఆ ప్రార్థనతో ఆమెకు దారి మూసుకుపోయింది. తాళంచెవి తీసి ఇస్తే అది ప్రార్థనకు జవాబు అనిపించుకుంటుంది. దేవుని పేరు మీద అబద్ధమాడడం అమ్మకు చేతకాదు. నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"ఇగనన్న రైలుకు పోండ్రి," అంది మళ్లీ.

"అంతమంది మోకాళ్ల మీద పడి అడిగినంక, ఆమెన్ అని లేసి టికెట్ కొనుక్కోవాల్నా? గట్లయితే ఎందుకు అడిగినట్టు?"

ఆ మాటలో తప్పు నాకు కనబడలేదు. మేము పెరిగింది ఆ మాట మీదనే.

శనివారం పొద్దున సంఘపెద్ద మండిబజారు నుంచి తాళాలు బాగుచేసే సాయబును తీసుకొచ్చాడు. సాయబు వాకిట్లో కూర్చుని, ఇత్తడి ముక్కను దీపం మసిలో నల్లగా చేసి, తాళంలో పెట్టి తిప్పి, మసి చెరిగినచోట ఆకురాయితో రాకేవాడు.

"ఇంట్లనే ఉంటది చూడమ్మా. చాబీకి ఏమన్న కాళ్లుంటయా నడిసిపోనీకి?" అని నవ్వాడు.

అమ్మ చాయ్ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి పోయింది. మొదటి ముక్క తాళంలోనే విరిగింది. దాన్ని పీకేసరికి మధ్యాహ్నం దాటింది. పాసింజరు కూత మా ఇంటిదాకా వినబడింది. పొద్దు వాలుతుండగా రెండో తాళంచెవి తిరిగింది. నాయన సాయబు చేతులు పట్టుకుని దేవునికి స్తోత్రం చెప్పి, సంచి తగిలించుకుని వెళ్లిపోయాడు. అమ్మ ఆ పూట పొయ్యి ముట్టించలేదు. కుండ జోలికీ పోలేదు.

నాయన ఆదివారం పొద్దున, ఆరాధన వేళకు, బురదతో తిరిగి వచ్చాడు. ఆయనకు ఏమీ కాలేదు. ముసలమ్మ శనివారం పొద్దుననే పోయింది. ఆయన చేరేసరికి ఊరి బయట చితి ఇంకా కాలుతోంది.

"నిన్నటిసంది తొవ్వ చూసింది అయ్యగారూ," అన్నాడట కొడుకు. "ఫట్‌ఫటి బండి సప్పుడైతాందా అని అడుగుతనే ఉన్నది."

అమ్మ బావి దగ్గర ఆయనకు నీళ్లు తోడుతుండగా, బియ్యం పోగుచేసే ఆమె వచ్చింది. ప్రతి నెలా ఇచ్చినట్టే కుండ ఎత్తి ఇచ్చాను.

ఆరాధన అయ్యాక చాప మీద కుప్ప కొలుస్తుంటే తాళంచెవి జారి బయటపడింది. ఎవరో స్తోత్రం అన్నారు. సంఘపెద్ద దాన్ని పైకెత్తి చూపించాడు.

"అడిగింది ఇచ్చిండు దేవుడు. అయ్యగారూ, కృతజ్ఞత ప్రార్థన చేయుండ్రి."

అందరూ కళ్లు మూసుకున్నారు. నాయన మాత్రం తాళంచెవిని చూశాడు, బియ్యాన్ని చూశాడు, ఆ తర్వాత అమ్మను చూశాడు. అమ్మ తల దించలేదు. ఆయన చేతులెత్తి అలాగే చాలాసేపు నిలబడ్డాడు. చివరికి ఒక్క ఆమెన్ మాత్రం అన్నాడు. ఏమి ప్రార్థించాడో తెలియకుండానే సంఘమంతా ఆమెన్ అంది.

ఇంటికొచ్చి రెండు తాళంచెవులూ అమ్మ చేతిలో పెట్టాడు. "నీ దగ్గర్నే ఉంచు," అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆ తర్వాత పల్లెలకు పాసింజరులోనే తిరిగాడు. మూర్ఛలు వచ్చాయి, ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టుకున్నారు. చాలా ఏళ్లు బతికాడు. అమ్మ కోరుకున్నది అదే.

యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకు ఎవరూ బాప్తిస్మం ఇవ్వలేదని, అయినా ప్రభువు అతన్ని చేర్చుకున్నాడని నాయన ప్రసంగాల్లో చెప్పేవాడు. ముసలమ్మ కోసమే చెబుతున్నాడని నాకు తెలిసేది. నేను దాన్ని నమ్ముతున్నాను. అమ్మ కూడా నమ్ముతానంది. కానీ చనిపోయేవరకూ, కుండలో పిడికెడు బియ్యం వేసే ముందు చెయ్యి అడుగుదాకా పెట్టి చూసుకునేది.