చిన్నాయన కిరాయి డబ్బులకు నా కాపలా

నా చిన్నప్పుడు పాల మీది మీగడ ఎవరి గిన్నెలో పడుతుందో చూసి, నాయనమ్మకు ఎవరి మీద ప్రేమ ఎక్కువో తేల్చుకునేదాన్ని. చాలాకాలం ఆ మీగడ నాదే. నైజాం పాలన పోయిన మరుసటి ఏడు మా చిన్నాయన దాన్ని లాగేసుకున్నాడు.

మాది మిర్యాలగూడ పక్కన వేములపల్లి. చిన్నాయన ఎడ్లబండి మీద వడ్ల బస్తాలు మిల్లుకు చేరవేసేవాడు. వచ్చిన కిరాయంతా సారాకే పోయేది. చేతులు వణికి పగ్గం పట్టలేని స్థితికి వచ్చాక, నాయనమ్మ ఆయన్ను సూర్యాపేటలో ఒక హకీం దగ్గర ఉంచింది. నెల రోజుల మందులకు, తిండికి, గదికి డబ్బు కావాలి. అందుకోసం మా బర్రెదూడను అమ్మేసింది. పుట్టిననాడే 'ఇది నీది' అని నాకు చెప్పిన దూడ. నేను గడ్డి కోసుకొచ్చి పెంచిన దూడ. దాన్ని సంతకు తోలుకుపోతుంటే నేను గడప దాటలేదు.

ఆయన తిరిగొచ్చాడు. చిక్కిపోయి, తలొంచుకుని. హకీం చెప్పాడని పూటపూటకూ పాలు, నెయ్యి, మెత్తటి అన్నం. నాకు చల్ల. కంచం ముందు కూర్చుని ఆయన గిన్నెనే చూసేదాన్ని. ఒకరోజు ఆగలేక అరిచాను.

"నేను గూడ సారా తాగుత నాయనమ్మా! అప్పుడు నాగ్గూడ పాలు పోస్తవ్!"

చిన్నాయన చేతిలోని ముద్ద కంచంలోకి జారింది. నాయనమ్మ నన్ను కొట్టలేదు. నా మొహంలోకి పరీక్షగా చూసి, చల్ల గిన్నె నా ముందుకు జరిపింది.

చిన్నాయన మళ్లీ బండి కట్టిన వారం, కిరాయి డబ్బులు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వాటిని ఒక బట్టసంచిలో పోసి నా నడుముకు కట్టింది. మా అమ్మ విస్తుపోయింది.

"ఇంట్ల అందరం మెత్తటోళ్లమే. వాడు బతిమాలితే కరిగిపోతం," అంది నాయనమ్మ. "దీనికి వాని మీద కుళ్లున్నది. ఇది ఇయ్యది."

నిజంగానే గర్వపడ్డాను. అది పొగడ్తో తిట్టో నాకప్పుడు పట్టలేదు. ఆయన సంపాదన నా మొలకు ఉంది, అంతే చాలు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి బండి కదలని రోజు, పెద్దవాళ్లు నాట్లకు పోయారు. చిన్నాయన నేనున్న గొడ్ల కొట్టం దగ్గరికి వచ్చాడు. పెదవులు తడుపుకుంటున్నాడు.

"బిడ్డా, ఒక్క రూపాయి ఇయ్యే. రేపే మళ్ల ఇస్త."

"ఇయ్య."

"జర ఇయ్యే తల్లీ. గుండెల దడదడ కొట్టుకుంటుంది."

సంచిని రెండు చేతులా పట్టుకున్నాను. ఇన్నాళ్లు దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది. "నా దూడనమ్మి నిన్ను మంచిగ చేసిన్రు! నువ్వు మళ్ల తాగితే అది ఊకెనే పోయినట్టే గదా!"

లాక్కుంటాడనుకున్నాను. ఆయనకది ఎంతసేపు పని? కానీ ఉన్నచోటనే బురదలో కూలబడ్డాడు.

"గట్లనే పట్టుకో బిడ్డా," అన్నాడు ఏడుస్తూ. "నేనెంత మొత్తుకున్నా ఇడువకు."

పెద్దవాళ్లు అలా ఏడుస్తారని నాకు తెలియదు. పాలు తాగి, నెయ్యి తిని సుఖపడుతున్నాడనుకున్న మనిషి లోపల ఇంత యాతన ఉందని ఆ వానలోనే మొదటిసారి చూశాను. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చాను. చెంబు ఆయన చేతిలో నిలవడం లేదు. నేనే తాగించాను. ఆ దడ తగ్గేదాకా ఇద్దరం కొట్టంలోనే కూర్చున్నాం.

తర్వాత కూడా ఆయన ఒకసారి నిగ్రహం తప్పి తాగాడు. హకీం దగ్గరికి మళ్లీ పోవాల్సి వచ్చింది. ఈసారి ఖర్చు ఆయన సంపాదించినదే. ఆపైన చచ్చేదాకా ముట్టలేదు. నాయనమ్మ నాలోని కుళ్లును ఎందుకు మందలించలేదో, ఆ కుళ్లుకే కాపలా పని ఎందుకు అప్పజెప్పిందో పెద్దయ్యాక అర్థమైంది.

ఇప్పుడు మా ఇళ్లలో ఎవరి దవాఖాన ఖర్చుకైనా డబ్బు పోతుంటే, మూలన ఒకరు సణుగుతూనే ఉంటారు. నేను వాళ్లకు నీతులు చెప్పను. తీసుకెళ్లి రోగి మంచం పక్కన కూర్చోబెడతాను.