కౌన్ హై అని అడిగినందుకు

ఆసుపత్రి రిసెప్షన్లో ఉద్యోగం వచ్చిందన్న సంతోషం నాకు వారం కూడా నిలవలేదు. ఉక్కు ఫ్యాక్టరీలో, పోర్టులో పనిచేసే బీహారు కూలీలు దెబ్బలు తగిలించుకుని వచ్చి హిందీలో ఏదో చెబుతుంటే బిక్కమొహం వేసేదాన్ని.

"ముందు ప్రశ్నలు నేర్సుకో. జవాబులు ఆళ్లే సెప్తారు" అంది పెద్ద నర్సు.

నోట్‌బుక్కులో రాసుకున్నాను. కౌన్ అంటే ఎవరు, కహా అంటే ఎక్కడ, కబ్ అంటే ఎప్పుడు.

కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన మాది రెండు గదుల ఇల్లు. పక్షవాతం వచ్చిన మా అత్త ఆరు నెలలుగా నోరు విప్పలేదు. ఆ మధ్యాహ్నం ఆమెకు గంజి తాగించి, మంచం పక్కనే కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాను.

"కౌన్ హై?"

"మై."

నేను అని. చిన్నపిల్ల గొంతు, నవ్వు ఆపుకుంటున్నట్టుగా. వీధిలో పిల్లలేమో అనుకున్నాను. అత్త కళ్లు మూసుకునే ఉంది. ఈసారి ఆమెనే చూస్తూ, ఎక్కడున్నావని అడిగాను.

"కహా హో?"

అత్త పెదాలు కదిలాయి. "దర్వాజే కే పీఛే."

తలుపు వెనక. ఆ తలుపు నా వీపు వెనకే ఉంది. గూడ్సు బండి పోతుంటే ఇంట్లో గిన్నెలన్నీ అదురుతున్నాయి, తలుపు మాత్రం ఎవరో పట్టుకున్నట్టు కదలడం లేదు. లేచి దాన్ని లాగడానికి నాకు చాలాసేపు పట్టింది. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

ఐస్ ప్లాంటులో పని నుంచి వచ్చిన మా ఆయన కొట్టిపారేశాడు. "అమ్మకి హిందీ ఏటే? నీకు నిద్దర సాల్లేదు."

అనకాపల్లిలో ఉన్న అత్త వాళ్ల అక్కకి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"సిన్నప్పుడు మేం ఖరగ్‌పూర్లో ఉండేవోళ్లం. మా నాన్న రైల్వే కూలీ. ఆ లైన్లో పిల్లలందరం హిందీలోనే ఆడుకునీవోళ్లం. మాకో సెల్లి ఉండీది. తలుపెనకే దాక్కునీది. మీ అత్త 'కౌన్ హై' అంటే సాలు, ఆగలేక 'మై' అనీసీది. జొరమొచ్చి ఆరేళ్లకే పోయింది. ఆ రోజు కూడా మీ అత్త తలుపులన్నీ ఎతికింది. మరి దాని ఊసు మా ఇంట్లో ఎవులూ ఎత్తలేదు."

ఆ తర్వాత ఇంట్లో పైకి చదవడం మానేశాను. పది రోజులకి, తల దువ్వుతుంటే, అత్త తలుపు వైపు చూస్తూ తన గొంతుతోనే అడిగింది.

"కౌన్ హై?"

నేను దువ్వుతూనే ఉన్నాను. మళ్లీ అడిగింది. మూడోసారికి ఆమె గడ్డం వణుకుతోంది. దువ్వెన మంచం మీద పెట్టి, వెళ్లి తలుపు వెనక ఆ ఇరుకులో నిలబడ్డాను.

"మై" అన్నాను.

నా గొంతుతోనే అందామనుకున్నాను. వచ్చింది నా గొంతు కాదు. సన్నగా ఉంది, నవ్వు ఆపుకుంటున్నట్టుగా ఉంది.

"దొరికిపోనావ్" అంది అత్త, తెలుగులో, స్పష్టంగా.

బయటికి వచ్చేసరికి ఆమె కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడవబోతే నా మణికట్టు పట్టుకుంది. మా ఆయన ఇంటికి వచ్చేదాకా వదల్లేదు.